కొన్న గేమ్‌నే మళ్లీ కొనడం



ఒక కుర్రాణ్ని ఊహించుకుందాం. 2013లో ఇంజనీరింగ్‌లో చేరాడు. ఆ ఏడాది సెప్టెంబరు 17న గ్రాండ్ తెఫ్ట్ ఆటో ఐదో గేమ్ విడుదలైంది. ఆడేవాళ్లంతా జీటీఏ ఫైవ్ అంటారు. ఇంట్లో ప్లేస్టేషన్ 3 అనే గేమ్ యంత్రం ఉంది. నాన్నను బతిమాలి ఆ డిస్కు కొనిపించుకున్నాడు. ఏడాది తిరిగేసరికి, 2014 నవంబరులో, అదే గేమ్ ప్లేస్టేషన్ 4కి వచ్చింది. బొమ్మ మరింత తేటగా ఉంది. ఆడే పాత్ర కళ్లలోంచే వీధిని చూసే వీలు కొత్తగా పెట్టారు. మళ్లీ కొన్నాడు. 2015 ఏప్రిల్‌లో కంప్యూటర్‌కి వచ్చింది. హాస్టల్లో అందరి దగ్గరా ఉండేవి కంప్యూటర్లే కదా, ఇంకోసారి కొన్నాడు. చదువైపోయింది. ఉద్యోగం వచ్చింది. పెళ్లీ అయింది. 2022 మార్చిలో అదే గేమ్ ప్లేస్టేషన్ 5కి వచ్చింది. నాలుగోసారి కొన్నాడు.

అదే ఊరు, లాస్ శాంటోస్. అవే వీధులు. పాత్రలూ అవే. అదే మైకేల్, అదే ఫ్రాంక్లిన్, అదే ట్రెవర్.

కుర్రాడు కల్పితం. తేదీలు మాత్రం నిజం. జీటీఏ ఫైవ్ ఇప్పటికి 20 కోట్ల ప్రతులు దాటి అమ్ముడైంది. 20 కోట్ల ప్రతులంటే 20 కోట్ల మంది మనుషులని కాదు. ఆ లెక్కలో రెండుసార్లు కొన్నవాళ్లున్నారు, మూడుసార్లు కొన్నవాళ్లూ ఉన్నారు. ఒకసారి డబ్బిచ్చి కొనుక్కున్న వస్తువునే మనిషి మళ్లీ మళ్లీ ఎందుకు కొంటాడు? ఇష్టంతోనా, గత్యంతరం లేకనా? ఈ ప్రసంగం ఆ ప్రశ్న గురించే.

ముందుగా తెలుసుకోవలసింది ఒకటుంది. వీడియో గేమ్ ఒంటరిగా బతకలేదు. దానికొక యంత్రం కావాలి. పుస్తకానికి కళ్లుంటే చాలు. గేమ్‌కి అలా కుదరదు. ఏ యంత్రం కోసం రాశారో ఆ యంత్రం మీదే నడుస్తుంది. ప్లేస్టేషన్ 3లో సెల్ అనే ప్రాసెసర్ ఉండేది. సోనీ, తోషిబా, ఐబీఎం మూడూ కలిసి తయారుచేశాయి. దాని పనితీరే వేరు. ప్లేస్టేషన్ 4కి వచ్చేసరికి సోనీ ఆ దారి వదిలిపెట్టి, మామూలు కంప్యూటర్లలో ఉండే రకం ప్రాసెసర్‌కి మారింది. దాంతో పాత డిస్కులన్నీ కొత్త యంత్రానికి అర్థం కాని భాషలో ఉండిపోయాయి.

ఇండక్షన్ పొయ్యి కొన్న ఇళ్లలో ఇది అందరికీ అనుభవమే. పాత అల్యూమినియం గిన్నెకు సొట్ట లేదు, చిల్లు లేదు. నిన్నటిదాకా అందులోనే పప్పు ఉడికింది. కొత్త పొయ్యి మీద పెడితే మాత్రం అది వేడెక్కదు. గిన్నెలో లోపమేమీ లేదు, మారింది పొయ్యి. డబ్బు మాత్రం మళ్లీ గిన్నెకే పెట్టాలి.

ఈ మాట గుర్తుంచుకోండి. గేమ్ పాతబడదు, దాని కిందున్న యంత్రం పాతబడుతుంది. మళ్లీ కొనడాల్లో చాలావాటికి మొదలు ఇక్కడే ఉంది.

అలాగని ప్రతి కొనుగోలూ బలవంతంగా జరిగేది కాదు. ఇష్టపడి కొనేవాళ్ల సంగతి చూద్దాం. మన హైదరాబాదులో, వరంగల్లో, విజయవాడలో 2000ల మొదట్లో ఇంజనీరింగ్ హాస్టళ్లలో ఉన్నవాళ్లకి ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ రెండో గేమ్ గురించి వేరే చెప్పక్కర్లేదు. 1999లో వచ్చింది. అమెరికాలోని డాలస్‌లో ఎన్సెంబుల్ స్టూడియోస్ అనే సంస్థ చేసింది. ఆట మొదలవగానే ఒక టౌన్ సెంటర్, ముగ్గురు పనివాళ్లు, గుర్రమ్మీద ఒక వేగులవాడు కనిపిస్తారు. పనివాళ్లు చెట్లు కొడతారు, గొర్రెల్ని కోస్తారు, పొలం దున్నుతారు. శత్రువు వస్తే గంట కొట్టాలి. ఆ గంట మోగగానే ఊరి జనమంతా చేతిలో పని వదిలేసి టౌన్ సెంటర్లోకి పరుగెత్తుతారు. రాత్రి పన్నెండింటికి హాస్టల్ కారిడార్‌లో ఒక గదిలో మోగిన ఆ గంట పక్క గదిలో కూర్చున్న శత్రువుకి వినిపించేది. మనవాడు భయపడ్డాడని అతనికి తెలిసిపోయేది.

ఆ సంస్థ 2009లో మూతపడింది. గేమ్ చేసినవాళ్లు తలో దారి పట్టారు. మామూలుగా అయితే కథ అక్కడితో ముగిసేది. కానీ వేర్వేరు దేశాల్లో ఉన్న కొందరు అభిమానులు దాన్ని వదల్లేదు. ఎవరూ అడక్కుండానే, ఎవరూ జీతమివ్వకుండానే కొత్త రాజ్యాలు, కొత్త సైనికులు కల్పించి, ఫర్గాటెన్ ఎంపైర్స్ అని పేరు పెట్టి 2012లో ఉచితంగా విడుదల చేశారు. మరుసటి ఏడాది మైక్రోసాఫ్ట్ ఈ గేమ్‌ని కొత్త కంప్యూటర్లకు తగ్గట్టుగా తిరిగి తెచ్చింది. ఆ అభిమానులు చేసిన పనినే అధికారికంగా అందులోకి తీసుకుంది. 2019 నవంబరులో డెఫినిటివ్ ఎడిషన్ అనే పూర్తి కొత్త రూపం వచ్చింది. దాని తయారీలోనూ ఆ అభిమానుల జట్టే ముందుంది.

2022 ఏప్రిల్లో దానికి డైనాస్టీస్ ఆఫ్ ఇండియా అనే కొత్త భాగం చేర్చారు. అందులో ద్రావిడులున్నారు, బెంగాలీలున్నారు, గుర్జరులున్నారు. రాజేంద్ర చోళుడి దండయాత్రలే ఒక కథగా నడుస్తాయి. మన రాజమహేంద్రవరాన్ని ఏలిన రాజరాజ నరేంద్రుడికి ఆ రాజేంద్ర చోళుడు స్వయానా మేనమామ. పిల్లనిచ్చిన మామ కూడా అతనే. 1999లో డాలస్‌లో తయారైన గేమ్ ఇరవై మూడేళ్ల తర్వాత మన చుట్టాల గడప దాకా వచ్చింది.

ఇలాంటి గేమ్‌ని 2019లో మళ్లీ కొన్నవాళ్లు మోసపోయారని అనలేం. కొత్త బొమ్మలు, కొత్త రాజ్యాలు, కొత్త కథలు వచ్చాయి. ఏళ్ల తరబడి కష్టపడ్డ మనుషులున్నారు. కొత్త కష్టానికి కొత్తగా డబ్బివ్వడం న్యాయమే.

ఇక్కడ మన దగ్గరి సంగతి ఒకటి చెప్పుకోవాలి. హాస్టల్లో ఒక సీడీ ఉండేది. దాన్ని కాపీ చేసుకుని అంతస్తంతా ఆడేది. చాలామంది తెలుగు కుర్రాళ్లు ఈ గేమ్‌కి అప్పట్లో పైసా కట్టలేదు. చేతిలో డబ్బు లేదు. అసలు సీడీ ఎక్కడ దొరుకుతుందో తెలియదు. ఆన్‌లైన్లో కొనాలంటే కార్డు లేదు. ఇప్పుడు వాళ్లే గచ్చిబౌలిలోనో డాలస్‌లోనో ఉద్యోగాలు చేస్తున్నారు. స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ దుకాణంలో 2015 నుంచి ధరలు రూపాయల్లోనే కనిపిస్తున్నాయి. వాళ్లు ఇప్పుడు ఆ గేమ్ కొంటే, ఆడటం రెండోసారి, డబ్బు కట్టడం మొదటిసారి. ఇరవై ఏళ్ల కిందటి ఆనందానికి ఇప్పుడు ధర చెల్లిస్తున్నారు. ఇది ఎంతో మర్యాదగల పని.

ఒకే గేమ్‌ని రెండు పెట్టెల్లో పెట్టి అమ్మిన కథ ఇంకొకటుంది. అది జపాన్‌లో జరిగింది.

సతోషి తజిరి అనే ఆయన టోక్యో శివార్లలో మచిద అనే ఊళ్లో పెరిగాడు. చిన్నప్పుడు చెరువుగట్ల వెంట, చెట్ల కింద పురుగులు పట్టేవాడు. పెద్దయ్యేసరికి ఆ చెరువులు పూడిపోయాయి, వాటి మీద భవనాలు లేచాయి. ఇప్పటి పిల్లలకు పురుగులు పట్టే సరదా ఎక్కడ దొరుకుతుందని ఆలోచించాడు. అప్పటికే పిల్లల చేతుల్లో గేమ్ బాయ్ అనే చిన్న యంత్రం ఉంది. రెండు గేమ్ బాయ్‌లను కలపడానికి ఒక సన్నని వైరు ఉండేది. ఆ వైరులోంచి ఒక పురుగు పాక్కుంటూ ఇటునుంచి అటు వెళ్తే ఎలా ఉంటుందని ఊహించాడు. పోకెమాన్ అలా పుట్టింది.

1996 ఫిబ్రవరి 27న అది విడుదలైంది. ఒకటిగా కాదు, రెండుగా. రెడ్ అని ఒకటి, గ్రీన్ అని ఒకటి. కథ ఒకటే, ఊళ్లు ఒకటే, దారులు ఒకటే. తేడా అంతా దొరికే జీవుల్లో ఉంది. రెడ్‌లో ఎకాన్స్ అనే పాము దొరుకుతుంది, గ్రీన్‌లో దొరకదు. గ్రీన్‌లో శాండ్‌ష్రూ దొరుకుతుంది, రెడ్‌లో దొరకదు. అన్నీ పట్టాలంటే రెడ్ ఉన్న పిల్లవాడు గ్రీన్ ఉన్న పిల్లవాణ్ని వెతుక్కోవాలి. ఇద్దరూ పక్కపక్కన కూర్చోవాలి. వైరు తగిలించాలి. నీ దగ్గరున్నది నాకివ్వు, నా దగ్గరున్నది నీకిస్తానని బేరమాడాలి. కొన్ని జీవులైతే చేతులు మారితేనే ఎదుగుతాయి. కడాబ్రా అనే దాన్ని ఎన్ని యుద్ధాలు చేయించినా ఎదగదు. మిత్రుడికి ఇచ్చిన క్షణంలో రూపం మార్చుకుంటుంది.

పిల్లల్ని కలపడానికి వేసిన ఎత్తు అది. చాలా మంచి ఆలోచన. అయితే స్నేహితులు లేని పిల్లలు ఏం చేస్తారు? డబ్బున్న ఇంటి పిల్లలు ఏం చేస్తారు? రెండూ కొంటారు. ఆ మాట అమ్మేవాళ్లకూ తెలిసింది. అప్పటినుంచి పోకెమాన్ ప్రధాన గేమ్‌లు దాదాపు ఎప్పుడూ జంటగానే వస్తున్నాయి. 2022 నవంబరులో వచ్చిన స్కార్లెట్, వయొలెట్ జంట మూడు రోజుల్లోనే కోటి ప్రతులు అమ్ముడైంది. ఇప్పుడు వైరు అక్కర్లేదు. ఇంటర్నెట్ ద్వారా ఏ ఖండంలో ఉన్నవాడితోనైనా మార్పిడి చేసుకోవచ్చు. పక్కపక్కన కూర్చోబెట్టాలన్న మొదటి ఉద్దేశానికి పని తగ్గిపోయింది. రెండు పెట్టెలు మాత్రం మిగిలాయి. రెండింటికీ పూర్తి ధర అడగడానికి 1996లో ఉన్న సమర్థన ఇప్పుడు లేదు.

దీనికి సరిగ్గా ఎదురుగా నిలబడే ఉదాహరణ కూడా ఉంది. 2021లో ఇట్ టేక్స్ టూ అనే గేమ్ వచ్చింది. స్వీడన్‌లోని హేజ్‌లైట్ స్టూడియో చేసింది. ఒంటరిగా ఆడటానికి వీల్లేదు, ఇద్దరు ఉండాల్సిందే. విడిపోదామనుకున్న భార్యాభర్తలు చిన్న బొమ్మలుగా మారిపోయి, ఒకరికొకరు సాయపడుతూ సొంత ఇంటిని దాటాలి. ఒకరు మేకులు కొడితే ఇంకొకరు వాటికి వేలాడాలి. ఇద్దరాడాల్సిన గేమ్ కాబట్టి ఇద్దరూ కొనాలని ఆ సంస్థ అడగవచ్చు. అడగలేదు. ఒకరు కొంటే చాలు, ఇంకొకరికి ఫ్రెండ్స్ పాస్ ఉచితం. ఆ ఏడాది ద గేమ్ అవార్డ్స్‌లో ఉత్తమ గేమ్ బహుమతి దానికే వచ్చింది. ఉచితంగా ఇచ్చినందువల్ల అమ్మకాలు కుదేలైపోలేదు, కోట్లలో సాగాయి. కొనేవాణ్ని నమ్మితే వ్యాపారం పాడవుతుందన్న భయానికి ఇంతకంటే గట్టి సమాధానం అక్కర్లేదు.

తెలియకుండా మళ్లీ కొన్న అనుభవం మన దగ్గర ఒక తరానికి ఉంది. 1990ల్లో టీవీకి తగిలించి ఆడే వీడియో గేమ్ సెట్లుండేవి. జపాన్ వాళ్ల నింటెండో యంత్రానికి నకళ్లవి. వాటిలో పెట్టేదాన్ని మనం క్యాసెట్ అనేవాళ్లం. అరచేతిలో పట్టేంత ప్లాస్టిక్ బిళ్ల, కింద రాగిరంగు పళ్ల వరుస. ఆన్ అవకపోతే తీసి, ఆ పళ్ల మీద ఉఫ్‌మని ఊది మళ్లీ పెట్టేవాళ్లు. క్యాసెట్ మీద రంగురంగుల కాగితం, దాని మీద 9999 ఇన్ 1 అని పెద్ద అక్షరాలు. ఇంటికి తెచ్చి పెడితే చాంతాడంత జాబితా వచ్చేది. పదోదీ మారియోనే, నలభయ్యోదీ మారియోనే. ఒకచోట మొదటి లెవెల్ నుంచి, ఇంకోచోట మూడో లెవెల్ నుంచి మొదలయ్యేది, అంతే తేడా. నిజంగా ఉన్న గేమ్‌లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వేసవి సెలవుల్లో దాచుకున్న డబ్బుతో ఇంకో క్యాసెట్ కొంటే అందులోనూ అదే మారియో, అదే కాంట్రా, అవే ట్యాంకులు. పిల్లలు కొన్న గేమ్‌నే మళ్లీ కొన్నామని ఇంటికొచ్చాక తెలుసుకునేవాళ్లు. అంగడివాడు వెనక్కి తీసుకోడు. పక్కింటివాళ్ల క్యాసెట్‌తో మార్చుకోవడమే దారి.

ఇక కొత్త రూపంలో వచ్చే పాత గేమ్‌ల దగ్గరికి వద్దాం. వాదులాట ఎక్కువగా జరిగేది ఇక్కడే.

ద లాస్ట్ ఆఫ్ అస్ అనే గేమ్ ఉంది. 2013 జూన్‌లో ప్లేస్టేషన్ 3కి వచ్చింది. జోయెల్ అనే నడివయసు మనిషి, ఎల్లీ అనే అమ్మాయి, పాడుబడ్డ అమెరికా గుండా చేసే ప్రయాణం. 2014లో ప్లేస్టేషన్ 4కి మెరుగులు దిద్ది మళ్లీ అమ్మారు. 2022 సెప్టెంబరులో ప్లేస్టేషన్ 5కి పూర్తిగా కొత్త బొమ్మలతో, పార్ట్ వన్ అని పేరు పెట్టి మూడోసారి తెచ్చారు. అప్పట్లో మన దేశంలో ధర 4,999 రూపాయలు. కొత్త గేమ్‌కి ఎంతో దీనికీ అంతే. చాలామందికి కోపం వచ్చింది. కథ అదే, మాటలు అవే, ముగింపు అదే, మళ్లీ ఐదు వేలా అన్నారు. పైగా మొదట్లో ఇంటర్నెట్‌లో నలుగురు కలిసి ఆడుకోవడానికి ఉన్న భాగాన్ని ఇందులోంచి తీసేశారు.

ఆ కోపం సబబైనదే. కానీ ఈ ప్రసంగం వింటున్నవారిలో చూపు లేనివారూ ఉంటారు. రేడియో వారికి ఎంత దగ్గరో అందరికీ తెలుసు. వారి వైపు నుంచి ఈ గేమ్‌ని చూడాలి. 2022 రూపంలో కథ నడిచే దృశ్యాలకు మాటల్లో వర్ణన చేర్చారు. జోయెల్ ఎటు తిరిగాడు, ఎల్లీ ముఖంలో ఏం కనిపించింది అన్నది ఒక గొంతు చెబుతుంది. దారి ఎటుందో, శత్రువు ఎక్కడున్నాడో శబ్దాలతో తెలిసే ఏర్పాటుంది. వినికిడి లేనివారి కోసం ఇంకొకటి చేశారు. పాత్ర మాట్లాడుతుంటే ఆ మాట ఒరవడికి తగ్గట్టు చేతిలోని కంట్రోలర్ కంపిస్తుంది. గద్దింపో గుసగుసో అరచేతికి తెలుస్తుంది.

2013లో ఆ గేమ్ వారి కోసం లేదు. 2022లో వచ్చింది. మనం మూడోసారి అమ్ముతున్నారని విసుక్కుంటున్నది వారికి మొదటిసారి తెరుచుకున్న తలుపు. ఇలాంటి పని జరిగినప్పుడు మళ్లీ అమ్మడాన్ని తప్పుపట్టాల్సిన అవసరం లేదు. ధర తగ్గించి ఉంటే బాగుండేదన్నది వేరే మాట. పాత డిస్కు ఉన్నవాళ్లకు తేడా డబ్బు మాత్రమే తీసుకుని ఇవ్వవచ్చు. సోనీయే 2024లో హొరైజన్ జీరో డాన్ విషయంలో ఆ పని చేసింది. పాత ప్రతి ఉన్నవాళ్లు 10 డాలర్లు కడితే కొత్త రూపం వచ్చింది.

మొదట చెప్పుకున్న జీటీఏ ఫైవ్ కూడా ఇంకోసారి మారింది. 2025 మార్చిలో కంప్యూటర్ మీద ఆడేవాళ్లకు మెరుగైన కొత్త రూపం ఇచ్చారు. పాతది కొన్నవాళ్లకు పూర్తిగా ఉచితం. 2022లో ప్లేస్టేషన్, మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ యంత్రాలు ఉన్నవాళ్ల దగ్గర డబ్బు తీసుకున్నారు. మూడేళ్ల తర్వాత కంప్యూటర్ వాళ్లకు ఉచితంగా ఇచ్చారు. కాబట్టి ఇవ్వడం చేతకాక కాదు. ఇవ్వాలో వద్దో నిర్ణయించుకునేది అమ్మేవాళ్లే.

ఇక అన్నిటికంటే బాధ కలిగించే సంగతి. కొన్నది చేజారిపోవడం.

1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్‌నే తీసుకోండి. అమెరికాలో ఒకాయన చిన్నప్పుడు ఆ క్యాసెట్ కొన్నాడనుకుందాం. 2006లో నింటెండో వీ అనే యంత్రం వచ్చింది. అందులో ఇంటర్నెట్ దుకాణం ఉంది, పాత మారియోని డౌన్‌లోడ్‌గా అమ్మారు. మళ్లీ కొన్నాడు. 2019 జనవరి 30న ఆ దుకాణం మూసేశారు. ఈలోగా 3డీఎస్, వీ యూ అనే యంత్రాలు వచ్చాయి. వాటిలోనూ మారియోని అమ్మారు. 2023 మార్చి 27తో ఆ దుకాణాల్లోనూ అమ్మకాలు ఆగిపోయాయి. ఇప్పటి స్విచ్ యంత్రంలో పాత మారియో ఉంది. కానీ అది కొనుక్కునేది కాదు, చందా కట్టి ఆడుకునేది. చందా ఆగితే మారియో ఆగిపోతాడు. అంతకుముందు ఎన్నిసార్లు కొన్నా ఆ కొనుగోళ్లేవీ ఇక్కడికి రావు.

మారియోకి పేరుంది కాబట్టి ఏదో ఒక రూపంలో దొరుకుతున్నాడు. పేరు లేని గేమ్‌ల సంగతి? అమెరికాలో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ అనే సంస్థ 2023లో ఒక పరిశీలన చేసింది. అక్కడ 2010కి ముందు విడుదలైన గేమ్‌లలో 87 శాతం ఇప్పుడు అమ్మకంలోనే లేవని తేల్చింది. నూటికి ఎనభై ఏడు. మళ్లీ కొందామన్నా దొరకనివి అవి. అమ్మేవాళ్లు ఒకే గేమ్‌ని నాలుగుసార్లు అమ్ముతుంటే, మిగతా వందల గేమ్‌లు అటకెక్కిపోయాయి. మళ్లీ కొనాల్సి రావడం ఒక కష్టమైతే, మళ్లీ కొనే అవకాశమే లేకపోవడం అంతకు మించిన నష్టం.

ద క్రూ అనే కారు గేమ్ కథ ఇంకా కఠినం. 2014లో యూబీసాఫ్ట్ విడుదల చేసింది. అమెరికా దేశమంతా ఆ గేమ్‌లో రోడ్డు మీద తిరగొచ్చు. ఒంటరిగా ఆడుకున్నా సరే, సంస్థ సర్వర్‌తో కనెక్షన్ ఉండాలి. 2024 మార్చి 31న ఆ సర్వర్లు ఆపేశారు. డిస్కు అలమరలో ఉంది. పెట్టె చెక్కుచెదరలేదు. గేమ్ మాత్రం నడవదు. డబ్బు పెట్టి కొన్నవాళ్ల చేతిలో మిగిలింది ప్లాస్టిక్ బిళ్ల.

దాన్ని చూసి రాస్ స్కాట్ అనే యూట్యూబర్ స్టాప్ కిల్లింగ్ గేమ్స్ అనే ఉద్యమం మొదలుపెట్టాడు. అడిగింది గొంతెమ్మ కోరికేమీ కాదు. గేమ్‌ని శాశ్వతంగా నడపమనలేదు. సర్వర్ ఆపేసేటప్పుడు, కొన్నవాళ్లు తమంతట తాము ఆడుకునే ఏర్పాటు చేసి వెళ్లమన్నాడు. యూరప్‌లో ఆ విన్నపం మీద 10 లక్షల మందికి పైగా సంతకాలు చేశారు. అటు అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం ఒక చట్టం తెచ్చింది. 2025 నుంచి అక్కడ డౌన్‌లోడ్ గేమ్‌లు అమ్మేవాళ్లు, మీరు కొంటున్నది సొంత ఆస్తి కాదు, వాడుకోవడానికి అనుమతి మాత్రమేనని కొనేముందే స్పష్టంగా చెప్పాలి. చెప్పడంతో సమస్య తీరదు. కానీ డబ్బు కట్టేముందు నిజం తెలుస్తుంది. మన దేశంలో కూడా ఇలాంటి నిబంధన రావాలి. ఐదు వేలు చిన్న మొత్తం కాదు. చాలా ఇళ్లలో అది పిల్లవాడి పుట్టినరోజుకి ఆర్నెల్లు కూడబెట్టిన డబ్బు.

ఇంట్లో పిల్లలో, మీరో కొన్న గేమ్‌నే మళ్లీ కొనబోతుంటే రెండు మూడు సంగతులు చూసుకోండి. అందులో కొత్తగా ఏం చేశారో కనుక్కోండి. పాతది ఉన్నవాళ్లకు తక్కువ ధర ఉందేమో దుకాణం పేజీలో వెతకండి. పాత ఆటలో చేరుకున్న చోటు నుంచి కొనసాగించే వీలుందో లేదో అడగండి. కంప్యూటర్ మీద ఆడేవాళ్లయితే జీఓజీ అనే పోలండ్ దుకాణాన్ని చూడండి. 2008 నుంచి అక్కడ పాత గేమ్‌లను ఇప్పటి కంప్యూటర్లలో నడిచేలా సరిచేసి అమ్ముతున్నారు. ఏ తాళమూ లేని ఫైలు ఇస్తారు. దాన్ని మీ హార్డ్ డిస్కులో దాచుకోవచ్చు. రేపు ఆ దుకాణం మూసినా మీ ప్రతి మీ దగ్గరే ఉంటుంది.

కొత్త యంత్రం కొనేటప్పుడు ఇంకో జాగ్రత్త. ఇప్పుడు డిస్కు పెట్టే చోటు లేని యంత్రాలు కాస్త తక్కువ ధరకు దొరుకుతున్నాయి. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ అలాంటిదే, ప్లేస్టేషన్ 5 డిజిటల్ కూడా అలాంటిదే. మీ ఇంట్లో పాత డిస్కులు ఉంటే ఆ తగ్గింపు చూసి తొందరపడవద్దు. యంత్రం దగ్గర మిగిల్చిన డబ్బు ఆ గేమ్‌లనే డౌన్‌లోడ్‌గా మళ్లీ కొనడానికి పోతుంది.

ఎక్స్‌బాక్స్ 360 డిస్కులు దాచుకున్నవాళ్లకు ఒక మంచి మాట. మైక్రోసాఫ్ట్ 2015 నుంచి ఆరేళ్లపాటు ఒక్కొక్క సంస్థ అనుమతీ తీసుకుంటూ, ఆ పాత గేమ్‌లు కొత్త యంత్రాల్లో నడిచే ఏర్పాటు చేసింది. పాత డిస్కు పెడితే కొత్త యంత్రం దాన్ని గుర్తుపట్టి, తనకు సరిపడే రూపాన్ని ఇంటర్నెట్ నుంచి దించుకుంటుంది. విడిగా డబ్బు అడగదు. అన్నీ ఆ జాబితాలో లేవు గానీ వందల్లోనే ఉన్నాయి. మీ దగ్గరో, మీ స్నేహితుల దగ్గరో డిస్కు పెట్టే చోటున్న ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ ఉంటే, ఏ గేమ్‌నీ మళ్లీ కొనకముందే అటక మీది పాత డిస్కుల్ని దింపి, ఒక్కొక్కటీ అందులో పెట్టి చూడండి.